మా ఆవిడ పీలింగు, మా అక్క నలుగు

మొన్న ఈ అరబ్బు దేశంలో, మా ముసఫాలో క్షవరానికి కూర్చుంటే మా సెలూను భాయి కత్తెర పక్కన పెట్టి, నా ముక్కును అటూ ఇటూ తిప్పి చూసి, "పీలింగ్ కర్ దూ క్యా, భాయీసాబ్?" అన్నాడు, మీసం కాస్త కత్తిరించమంటారా అన్నంత తేలిగ్గా. అద్దం కింద అరలో, షేవింగు నురగ డబ్బా పక్కన, పేరు చెరిగిపోయిన ఒక సీసా కూడా చూపించాడు. వద్దు బాబూ, ఖలాస్ అని మెడకు చుట్టిన గుడ్డ విప్పించుకుని వచ్చేశాను గానీ దారి పొడవునా నవ్వూ కోపమూ కలిసి వస్తూనే ఉన్నాయి. ముఖానికి మందు పూసి చర్మం పైపొర ఊడదీసే ఆ పీలింగు అనే మాట కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఎంత బరువైనదో, దాని కోసం ఎన్ని కన్నీళ్లూ ఎంత శెనగపిండీ ఖర్చయ్యాయో అతనికేం తెలుసు?

ముందుగా మా ముక్కుల సంగతి చెప్పాలి. మా వంశంలో పంచుకోవడానికి ఆస్తులేమీ లేవు, ముఖం మీది రంధ్రాలు మాత్రం అందరికీ సమానంగా వచ్చాయి. చర్మమన్నాక ఎవరికైనా ఉండే సన్నని రంధ్రాలే అవి, కాకపోతే మాకు ముక్కు మీదా బుగ్గల మీదా నారింజ తొక్క మీద ఉన్నట్టు తెరుచుకుని కనిపిస్తాయి. నేను కంపెనీ స్టోర్సులో చేరిన కొత్తల్లో ఒక ఇసుక తుఫాను వచ్చి వెళ్లాక, నా ముక్కు దులిపితే రాలిన ఇసుకను మా ఫోర్‌మన్ బొచ్చెలకెత్తించి, దానితో లేబర్ క్యాంపులో ఒక గోడ కట్టించాడు. నమ్మనివాళ్లు వస్తే ఆ గోడ ఇప్పటికీ చూపిస్తాను. నేను మగవాణ్ణి గనక ఇలాంటి కబుర్లు చెప్పుకుని నవ్వేసి బతికేశాను. అవే బుగ్గలు మా మేనకోడలికీ వచ్చాయి. ఆ పిల్లకు మాత్రం నవ్వు రాలేదు.

మేనకోడలంటే మా అక్క కూతురు. అక్కావాళ్లది అల్ ఐన్, బావ అక్కడ ఖర్జూర తోటల్లో సూపర్‌వైజరు. పిల్ల లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చునే బడి పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేది, కెమెరా ఎప్పుడూ ఆపేసే. గడప దాటితే మాస్కు ఉండనే ఉండేది. మనందరికీ ఊపిరాడక ఎప్పుడు తీసి పారేస్తామా అనిపించిన ఆ గుడ్డముక్క ఆ పిల్లకు ఇల్లయి కూర్చుందని మేమెవరమూ గమనించలేదు. ఇక మాస్కులు అక్కర్లేదని సర్కారు చెప్పిన ఆ చలికాలంలో ఊరంతా తీసేసింది, మా పిల్ల తీయలేదు. ఇంటికి ఎవరైనా వస్తే కంచం పట్టుకుని గదిలోకి పోయి, తలుపు వేసుకుని తినేది. సరిగ్గా అప్పుడే షార్జాలో ఒక బడి నుంచి పిలుపు వచ్చింది. ఏప్రిల్‌లో చేరాలి, తరగతిలో నలభై జతల కళ్ల ముందు నిలబడాలి. అంత మంచి ఉద్యోగాన్ని వద్దని చెప్పేస్తానని మొండికేసింది.

అప్పుడు రంగంలోకి దిగింది మా ఆవిడ. నెల్లూరులో చిన్న బ్యూటీ పార్లరు నడిపిన మనిషి, ఇక్కడికొచ్చాక ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పట్టి, పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకుని, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఇంటి దగ్గరే ఉన్న చర్మం డాక్టరుగారి క్లినిక్కులో చేరింది. ఆవిడ చదువుకున్నన్నాళ్లూ వంట నాదే. నా రసం ఘాటుకు పైఅంతస్తులో ఫైర్ అలారం మోగి భవనమంతా కిందికి దిగిందన్నది వేరే కథ.

ఆ శనివారం అల్ ఐన్ వెళ్లినప్పుడు పిల్లకు ధైర్యం చెప్పే పని నేనే నెత్తినేసుకుని, మా ఆవిడ క్లినిక్కుకొచ్చిన ఒక లెబనాన్ ఆవిడ సంగతి ఎత్తుకున్నాను. ఒక్క పీలింగుతో ఆమె ముఖం ఎంత నునుపు తేలిందంటే, ఎయిర్‌పోర్టుకొచ్చిన సొంత మొగుడే గుర్తుపట్టక వేరే ఆవిడ పెట్టెలు మోసుకుపోయాడని చెబుతుండగా, మా ఆవిడ అడ్డుపడింది. "ఏవండీ, మీ కథ ఆపుతారా? రేపు ఆ రంధ్రాలన్నీ మాయమైపోతాయని కూర్చుంటుంది బిడ్డ." పిల్ల వైపు తిరిగి, "రంధ్రాలకు తలుపులుండవు తల్లీ మూసేయడానికి. పైన పేరుకున్న పొర పోతే, లోపలి జిడ్డు తగ్గితే, చిన్నగా కనపడతాయి. అంతే. అదీ ఒక్కరోజులో కాదు" అంది. నా అంత అందమైన కథ విని నవ్వని పిల్ల, ఈ చప్పిడి మాటలు విని మాస్కు లోపలి నుంచే, "సరే అత్తా, వస్తా" అంది.

క్లినిక్కులో ఈజిప్టు డాక్టరమ్మ పిల్ల ముఖాన్ని దీపం కింద చూసి, మనవాళ్ల రంగు చర్మానికి గాఢమైనది పనికిరాదని, తేలికైన సాలిసిలిక్ యాసిడ్డే చాలని చెప్పింది. అది పూసింది మా ఆవిడే. చురచుర మంటుంటే ఒక చేత్తో చిన్న ఫ్యాను పట్టుకుని, రెండో చేయి పిల్లకు పట్టుకోవడానికి ఇచ్చిందట. ఆ తర్వాత పొట్టు రాలుతుంది, గిల్లకూడదు, ఎండలోకి పోకూడదు, ఎండ క్రీము తప్ప ముఖానికి ఇంకేమీ తగలకూడదు అని వెయ్యిసార్లు చెప్పి పంపింది. మొదటి విడత చక్కగా జరిగింది. రెండో విడత అయిన వారంలోనే అక్క ఫోను చేసింది.

"ఏందిరా ఇది? బిడ్డ మొహం ఎట్ట చేసిందో వచ్చి చూడు నీ పెళ్లాం! యాసిడ్డంట, యాసిడ్డు! ఎవరన్నా ఆడబిడ్డ మొహానికి పూస్తారంట్రా?"

వెళ్లేసరికి పిల్ల రెండు బుగ్గల మీదా ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగు మచ్చలు. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది, షార్జావాళ్లకు రానని చెప్పేశాకే లేస్తానంది. అక్క ఆపకుండా తిడుతోంది. మా ఆవిడ పిల్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముఖం చూసింది, తర్వాత తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న మాస్కు తీసి లోపలి వైపు తిప్పింది. అంచుల పొడవునా పచ్చగా పసుపు మరక. నేనూ చూశాను. నాకు కథ మొత్తం అర్థమై, గొంతు సవరించుకుని అక్క మీదికి లేవబోయేలోగా మా ఆవిడ నా కాలు గట్టిగా తొక్కింది. మచ్చలు మానతాయనీ, మానేదాకా మందు ఆపుదామనీ మాత్రమే పిల్లతో చెప్పి, అక్కను వంటింట్లోకి తీసుకెళ్లింది. నేను నీళ్ల నెపంతో గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"వదినా, ఈ బిడ్డకు చిన్నప్పటి నుంచీ నలుగు పెట్టింది మీరే గదా?"

"నేను గాక ఇంకెవరు పెడతారు?"

"మొన్న కూడా పెట్టారు."

అక్క కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత మా అక్క, ఇంట్లో ఎవరి మాటా వినని మా అక్క, గొంతు తగ్గించి, "పొట్టు రాలతా ఉంటే చూడలేకపోయినా అమ్మాయ్. నిద్దరలో ఉంటే శెనగపిండీ పసుపూ కలిపి, మెత్తగానే రుద్ది, తడిగుడ్డతో తుడిచేసినా" అంది.

"పచ్చి చర్మం వదినా అది. రుద్దితే కమిలిపోద్ది. పోతాయి మచ్చలు, టైం పట్టుద్ది." అని మా ఆవిడ తన సంచిలోంచి ఎండ క్రీము ట్యూబు తీసి అక్క చేతిలో పెట్టింది. "ఇకనుంచి ఇది మీ చేత్తోనే పెట్టండి, పొద్దునా మధ్యాహ్నమూ. రుద్దొద్దు, అద్దండి. మీ చెయ్యయితే కాదనదు."

నేనైతే ఆ పసుపు మరకతో పదిమందికీ పదేళ్లు చెప్పుకునే కథ అల్లి, అక్కకు తల ఎత్తుకునే వీలు లేకుండా చేసేవాణ్ణి. తనను అన్ని మాటలన్న ఆడపడుచు చేతికే మందు ఇచ్చి వచ్చింది మా ఆవిడ. కారులో తిరిగి వస్తుంటే పక్కన కూర్చున్నది నేను పెళ్లి చేసుకున్న మనిషేనా అని రెండుమూడుసార్లు తిరిగి చూశాను. చివరికి రోడ్డు చూడమని కసిరింది.

మర్నాడు అక్కే పిల్లకు చెప్పుకుందట. పిల్ల కాసేపు ఏడ్చి, క్రీము పెట్టమని ముఖం ముందుకు చాచిందట. షార్జావాళ్లకు చెప్పాల్సిన జవాబు అలా ఆగిపోయింది. చలికాలం ముగిసేసరికి మచ్చలు పలచబడ్డాయి, డాక్టరమ్మ చూసి సరేనన్నాక ఇంకొక్క తేలికపాటి విడత మా ఆవిడే వేసింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం బావ తోటలో చాప పరిచి భోజనాలు పెట్టారు. బావతో పనిచేసే వాళ్లు, వాళ్ల కుటుంబాలు, అందరమూ ఉన్నాం. అక్క చేపల పులుసు వండింది. పిల్ల వచ్చింది, అందరి మధ్యా కూర్చుంది, చెవుల మీది నుంచి మాస్కు తీసి జేబులో పెట్టుకుంది, అన్నం కలుపుకుంది. అందరూ వడ్డించుకోవడంలో పడ్డారు. నేను ఆగలేక, "చూశారా, మా ఆవిడ చేతిలో పడ్డాక భూతద్దం పెట్టి వెతికినా ఒక్క రంధ్రం..." అని మొదలుపెట్టాను.

"ఉన్నాయి మామయ్యా, అన్నీ ఉన్నాయి. కాస్త చిన్నగా కనపడతా ఉండాయి, అంతే. పులుసు ఇటు జరుపు" అంది పిల్ల.

చాప మీద అందరూ నన్ను చూసి ఒకటే నవ్వు. నా కథలకు ఇంతమంది ఇంతగా ఎప్పుడూ నవ్వలేదు. మా ఆవిడ తల వంచుకుని ముళ్లు తీస్తోంది, తీయాల్సిన ముళ్లు ఆ ముక్కలో లేకపోయినా.

పిల్ల షార్జాలో చేరింది, లెక్కల టీచరుగా పేరు తెచ్చుకుంది. మా ఆవిడ ఇప్పుడు క్లినిక్కులో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతోంది. ఫోనులో నున్నటి ముఖాలు చూపించి ఇలా కావాలని అడిగేవాళ్లకు అలా కాదని చెబుతుంది. కొందరు లేచి వెళ్లిపోతారు, అయినా మాట మార్చదు. అక్క బావకు కూడా ఎండ క్రీము అద్దందే తోటకు పంపడం లేదు. అన్నీ బాగానే ఉన్నాయి. కాకపోతే శనివారాల్లో అల్ ఐన్‌లో కలవడం తగ్గింది, పిల్లకు తీరిక లేదు, వీడియోలో మాట్లాడుతుంది. ఆ ఫోను ఎవరి ముఖాన్నయినా అడక్కుండానే నునుపు చేసి చూపిస్తుంది. ఎదురుగా ఉన్నది మా పిల్లే, బుగ్గలు మాత్రం ఎవరివో. మనిషి బుగ్గ మీది రంధ్రం కంటికి కనపడాలంటే పక్కన కూర్చుని పులుసు గిన్నె జరుపుకునేంత దగ్గరగా ఉండాలి. ఆ దగ్గరితనం ఈ మధ్య ఎక్కడికి పోయిందో, ఫోను ముఖానికి ఆనించుకుని మరీ వెతుకుతుంటాను.