మామగారి ఉప్పునీళ్ళ తొట్టె

ముందుగదిలో గాజుతొట్టె పెట్టుకుని, అందులో చేపలు తిరుగుతుంటే చూసి మురిసిపోయేవాళ్ళంటే నాకు ఇప్పటికీ అసహ్యం. ఎవరింట్లోనైనా అలాంటిది కనిపిస్తే దానికి వీపు తిప్పి కూర్చుంటాను. "మనసుకు ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూడండి" అంటారు. ప్రశాంతమట! ఆ నీళ్ళలో ఎవరు ఎవర్ని కొరుకుతున్నారో, ఎవరి తోక ఎవరి కడుపులో ఉందో వాళ్ళకేం తెలుసు? ఆ నీళ్ళు మోసినదాన్ని, ఆ పాచి గీకినదాన్ని నేను. నాకు తెలుసు.

డెబ్బైల మొదట్లో పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చాను. మాది భీమిలికి పైన, సముద్రం ఒడ్డున ఊరు. అత్తవారిది ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, వెనక వరండా, అంతే. మామగారు వర్క్‌షాపులో మిస్త్రీ, ఆయన చేతికింద ఒక గ్యాంగు పనిచేసేది. మా ఆయన ఇంజను మీద ఫైర్‌మన్. ఇంట్లో కంటే లైన్లోనే ఎక్కువ ఉండేవాడు, ఇంటికొచ్చినప్పుడు తిని పడుకునేవాడు. ఇక మిగిలింది అత్తగారు.

వంటిల్లు ఆవిడది. తలుపుకి ఎదురుగా బొగ్గుల పొయ్యి, దాని పక్కన గోడకి వీపు ఆనించుకుని ఆవిడ పీట. లోపలికి ఎవరు అడుగుపెట్టాలన్నా ఆవిడ మోకాళ్ళు దాటుకునే వెళ్ళాలి. గిన్నెలు తోమడం నాది, కారం నూరడం నాది, బొగ్గు కొట్టడం నాది. వంట మాత్రం నాది కాదు. పొరపాటున ఉప్పు జాడీ మీద చెయ్యి పడితే చాలు, "ఆగవే అమ్మీ, ఏటి ముట్టుకుంతన్నావు?" అని కసిరేది. ఏమాత్రం మొహం మాడ్చుకున్నా, "సేతకాపోతే మీ వూరెల్లిపో" అనేది. మా ఆయనతో చెప్పుకుంటే, "మా అమ్మ అంతేలే" అని అటు తిరిగి పడుకునేవాడు.

నేను కోరుకున్నది పెద్దదేం కాదు. ఆ పొయ్యి మీద నా చేత్తో ఒక పూట చేపల పులుసు కాయాలి, దాన్ని ఆ ఇంట్లో వాళ్ళు తినాలి. పొయ్యి ముట్టుకునే హక్కు లేని కోడలు గిన్నెలు తోమే మనిషే తప్ప ఆ ఇంటి మనిషి కాదు. ఆ సంగతి అత్తగారికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను కాపరానికి వచ్చిన ఏడాదే ఆ దరిద్రపు తొట్టె కూడా వచ్చింది. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం సామానంతా అమ్ముకుంటుంటే మామగారు దాన్ని కొని, రిక్షాలో పెట్టించుకుని తెచ్చారు. ఇనప చట్రం, నాలుగు పక్కలా అద్దాలు. ముందుగదిలో గాలొచ్చే ఒక్క కిటికీకి అడ్డంగా పెట్టించారు. వాళ్ళు అందులో ఎర్రచేపలు పెంచేవారట. మామగారి కంటికి అవి ఆనలేదు.

"ఆ ఎర్ర సేపలేటి, పప్పులో టమాటా ముక్కల్నాగ! సేపంటే పోట్లాడాల. మనకి సముద్రం సేప గావాల" అన్నారు.

సముద్రం చేపకి సముద్రం నీళ్ళు కావాలన్న ఇంగితం మాత్రం ఆయనకి మొదట కలగలేదు. కొళాయి నీళ్ళు పట్టి, వంటింట్లో ఉప్పు జాడీ తెచ్చి అందులో బోర్లించారు. నన్ను తాకనివ్వని ఆ జాడీని బోర్లిస్తుంటే అత్తగారు పక్కనే నిలబడి చూస్తూ ఊరుకుంది! ఆ నీళ్ళలో వేసిన చేపలు తెల్లారేసరికి పొట్టలు పైకి పెట్టి తేలాయి. తీసి పారేసింది ఎవరనుకున్నారు? నేనే. కళ్ళు తెల్లబడి, ఒళ్ళంతా జిగురు పట్టి ఉన్నాయి. ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాత గోల్‌బజార్‌లో చేపలమ్మే ఒక బెంగాలీ దాదాతో ఒప్పందం కుదిరింది. సముద్రం ఒడ్డునున్న దీఘా నుంచి చేపల లారీలో అతనికి సరుకొచ్చేది. దాంతోపాటు డ్రమ్ముల్లో సముద్రం నీళ్ళు, మూతపెట్టిన డబ్బాలో ప్రాణంతో ఉన్న చేపలు తెచ్చి గుమ్మంలో దింపేవాడు. "దీదీ, జల్ ఎనేఛి" అని, నీళ్ళు తెచ్చానని కేకేసేవాడు. నేను బకెట్లతో మోసి తొట్టె నింపేదాన్ని. మా ఊళ్ళో సముద్రం గుమ్మంలోంచే కనిపించేది, దాన్ని ఎవరూ మోయాల్సిన పనిలేదు. ఇక్కడ డ్రమ్ములో మురిగిన సముద్రం నా నడుము విరిచింది.

ఏ చేప పక్కన ఏ చేపని వెయ్యాలన్నది మామగారు వర్క్‌షాపు లెక్కన ఆలోచించారు. గ్యాంగంటే ముందు మిస్త్రీ ఉండాలి. ఆయన చార్జి తీసుకున్నాక ఫిట్టర్లు, ఆ తర్వాత బరువులు మోసే ఖలాసీలు. ముందొచ్చినవాడు సీనియర్, వాడి మాట మిగతావాళ్ళు వింటారు. ఆయన బతుకంతా అలాగే నడిచింది కనక తొట్టె కూడా అలాగే నడుస్తుందనుకున్నారు. అందుకని అన్నిటికంటే పొగరుబోతుని ముందు వేశారు. అదొక బొంత చేప. మట్టిరంగు ఒళ్ళు, చెంపల దాకా చీలిన నోరు. లోపల పేర్చిన రాళ్ళ సందులో దూరి, మొహం ఒక్కటే బయటపెట్టి కొరకొరా చూసేది. వారం పోయాక దాని చేతికింద పనిచెయ్యడానికి చిన్నచిన్న మచ్చల చేపల్ని వేశారు. ఆ మచ్చల చేపలు మా ఊళ్ళో మురుగునీళ్ళు సముద్రంలో కలిసే చోట గుంపులుగా చేరేవి, వాటిని చూస్తేనే నాకు డోకు. అయినా వాటి చావు చూస్తే జాలేసింది. మర్నాటికి ఒక్కటీ లేదు. మిస్త్రీ ఖలాసీలందర్నీ మింగేసి, పొట్ట వేలాడేసుకుని సందులో పడుకుంది.

"నోట్లో పట్టే సైజు ఎయ్యకూడదన్నమాట" అన్నారు మామగారు, పెద్ద రహస్యం కనిపెట్టినట్టు.

ఈసారి నోట్లో పట్టని చారల చేపని తెచ్చారు. అదీ రౌడీదే, డబ్బాలో ఉండగానే దాదా వేలు కరిచిందట. కానీ ఇక్కడ బొంత దాన్ని దిగీ దిగగానే తరిమింది. ఆ మూలకి వెళితే తరమడం, ఈ మూలకి వస్తే పొడవడం. రెక్కలు చిరిగి దారాల్లా వేలాడుతుంటే అది నీటిపైకొచ్చి, మూల అద్దానికి మూతి ఆనించి నిలబడేది. తిండి వేస్తే రాళ్ళ సందులోంచి బొంత దూసుకొచ్చి దాని వాటా కూడా లాక్కునేది. పక్క క్వార్టర్ల మగాళ్ళు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, బెంచీ మీద కూర్చుని, బీడీలు కాలుస్తూ ఈ చోద్యం చూసి నవ్వేవారు. నేను టీ గ్లాసులు పట్టుకొచ్చి ఇచ్చి వెళ్ళిపోయేదాన్ని. ఛీ, ఏం మనుషులు అనిపించేది.

ఆ తర్వాత చారల చేపకి తోడుంటుందని అదే రకంది ఇంకొకటి వేశారు. అవి రెండూ బొంతని వదిలేసి ఒకదాన్నొకటి చంపుకున్నాయి. ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేపని వేస్తే అది బొంతకి దొరక్కుండా తిరుగుతూ మిగతావాటి తోకలు కొరికింది. చచ్చినవాటిని తీయడం నా పని. అద్దాల పాచి గీకడం నా పని. లోడ్ షెడ్డింగ్ అయితే తొట్టెలోకి గాలి కొట్టే మిషను ఆగిపోతుంది కనక, సైకిలు పంపుకి గొట్టం తగిలించి ఆ హంతకులకి ఊపిరి పోయడం కూడా నా పనే. అలా పంపు కొడుతుంటే చెమటతోపాటు ఏడుపు కూడా వచ్చేది. బొంతకి పచ్చి రొయ్యలు వలిచి వేసేవారు. నాకు అత్తగారు ఆఖర్న కూర గిన్నె అడుగు గీకి, తలకాయ ముక్కో తోక ముక్కో పడేసేది.

ఒకరోజు తొట్టె అడుగున కుళ్ళు పేరుకుందని మామగారు రాళ్ళన్నీ బయటికి తీయించారు. నేను వాటిని కడిగి ఇస్తుంటే, ఏవి ఎక్కడివో ఆయనకి గుర్తులేక ఇష్టమొచ్చినట్టు పేర్చారు. అదే సమయానికి దాదా కొత్త చారల చేపని తెచ్చాడు. పెట్టడానికి వేరే చోటు లేక దాన్ని అప్పుడే వదిలేశారు. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ చిరిగిన రెక్కలు చూడలేననుకున్నాను.

ఏమీ జరగలేదు. బొంత పిచ్చిదానిలా అటూ ఇటూ తిరుగుతోంది. పాత సందు లేదు. ఏ రాయి వెనక దూరాలో దానికి తెలియడం లేదు. కొత్త చేప కూడా వెతుక్కుంటోంది. రెండూ ఎదురుపడి, చూసుకుని, తప్పుకున్నాయి. సాయంత్రానికి చెరొక సందు పట్టుకున్నాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కాస్త తోసుకోవడం ఉంది గానీ చంపుకోవడం లేదు.

మామగారి ఆనందం పట్టలేకపోయాం. "సూసినావేటే అమ్మీ? రాళ్ళు మార్సీసరికి ఏ సోటు ఎవులుదో దానికే తెలీకుండా పోనాది. పొగరు సేపకి కాదే, అది కూకున్న సోటుకి!" అన్నారు.

నా ముందు ఆయన చెప్పిన మొదటి తెలివైన మాట అది. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. చేప కోసం రాళ్ళు మార్చి మార్చి చూడొచ్చు. ఇంట్లో కోడలు ఇన్నాళ్ళూ మూల అద్దానికి మూతి ఆనించి నిలబడితే ఏ ఒక్క మగాడికీ ఒక పీట జరపాలని తోచలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని వంటింటి వైపు చూశాను.

ఆ వారంలోనే అత్తగారు ఝపటాపూర్‌లో చెల్లెలింటికి, వాళ్ళ మనవడి పుట్టెంట్రుకలకి వెళ్ళింది. మామగారు డ్యూటీలో, మా ఆయన లైన్లో ఉన్నారు. తలుపు వేసుకుని మొదలుపెట్టాను. తలుపుకెదురుగా ఉన్న పొయ్యిని ఈడ్చుకెళ్ళి కిటికీ కింద పెట్టాను. బియ్యం డ్రమ్ము ఉన్నచోటికి రోలు దొర్లించాను. పప్పు డబ్బాలు, చింతపండు కుండ, నూనె సీసా అన్నీ కొత్త చోట్లకి మార్చాను. అరల మీద ఆవిడ పరుచుకున్న మసిపట్టిన కాగితాలు పీకి పారేశాను. ఆవిడ పీటని నేను గిన్నెలు తోమే మూలలో వేశాను. తర్వాత దాదా దగ్గర కవళ్ళ చేపలు తీసుకుని, రుద్ది కడిగి, పొయ్యి అంటించి పులుసు పెట్టాను.

వర్క్‌షాపు సైరన్ కూసింది. ముందు మామగారొచ్చారు. వంటింటి గుమ్మంలో ఆగి, లోపలంతా కలియజూశారు.

"రాళ్ళు మార్సీసినావేటి?" అన్నారు.

"మార్సినాను మావయ్యా."

ఆయన వెళ్ళి తొట్టె ముందు కూర్చున్నారు గానీ చూపు మాత్రం వీధి గుమ్మం మీదే ఉంది.

చీకటి పడకముందే అత్తగారొచ్చింది. కాళ్ళు కడుక్కుని, అలవాటుగా తలుపుకెదురుగా కూర్చోబోయి ఆగిపోయింది. అక్కడ పీట లేదు, పొయ్యి లేదు. నా వైపు చూసింది. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఇప్పుడు జుట్టు పట్టుకుంటుంది, ఇప్పుడు గెంటేస్తుంది అనుకుంటున్నాను. ఆవిడ ఒక డబ్బా మూత తీసింది, అది కాదు. ఇంకోటి తీసింది, అదీ కాదు. నా చేతిలో గరిటె అందుకుని, వంగి పులుసు కాస్త తీసి, అరచేతిలో వేసుకుని నాకింది.

"సప్పగున్నాది" అంది. నాలుగు గోడలూ మళ్ళీ చూసింది. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఉప్పెక్కడెట్టినావే?"

ఉప్పు చేతికివ్వకూడదు కనక, జాడీ తెచ్చి ఆవిడ ముందు నేల మీద పెట్టాను. ఆవిడ చిటికెడు తీసి పులుసులో వేసింది. మూత పెట్టి, జాడీ ఎత్తి, దాన్ని నేను పెట్టిన చోటే మళ్ళీ పెట్టింది.