గుండెత్తినవాడి బొటనవేలు

ఆ ఉగాది నాడు గుండు నా రొమ్ముదాకా వచ్చింది. భుజం మీదికి ఎక్కించబోతుంటే నడుము కలుక్కుమంది. ఎడమ కాలిలోకి కరెంటు పాకినట్టయింది. గుండు వదిలేశాను. అది చాయ్ హోటల్ ముందు మట్టిలోకి జానెడు దిగింది.

కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో ఏటా ఉగాదికి గుండు ఎత్తే పోటీ ఉంటుంది. వాగులో దొరికిన నున్నటి నల్లరాయి అది, చేతికి పట్టు దొరకదు. భుజం మీదికి తెచ్చి వెనక్కి పడేయాలి. ఎక్కడ పడితే అక్కడే ఉంటుంది. మళ్ళీ ఎవరైనా ఎత్తేదాకా దానికి గడ్డపార తాకించరు. పోటీకి దిగేవాళ్ళ అరచేతులకు, కిందటిసారి గెలిచినవాడు మట్టి రుద్దాలి. చాలా ఏళ్ళు అందరి చేతులకూ నేనే రుద్ది, వాళ్ళు ఓడిపోయాక నేనే ఎత్తేవాణ్ణి. గర్వంగా ఉండేది, దాచడమెందుకు!

నడుము పట్టేసింది, అంతే అనుకున్నాం. మా అక్క ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు వదులుతుందని మా దిక్కు నమ్మకం. పక్క ఊళ్ళ నుంచి కూడా ఆమె దగ్గరికి వస్తారు. నన్ను బోర్లా పడుకోబెట్టి మెల్లగా తన్నింది.

"చిన్నప్పుడు నన్ను శాన ఏడిపిచ్చినవ్. గిప్పుడు దొరికినవ్‌రా తమ్మీ!" అని నవ్వింది. నేనూ నవ్వాను. వారం రోజులు పొద్దున్నే వెళ్ళి తన్నించుకున్నాను.

నొప్పి తగ్గలేదు. ఒకరోజు నడుస్తుంటే నా భార్య యాదమ్మ వెనక నుంచి కేకేసింది. "ఏమయ్యా, చెప్పు ఆడ్నే ఇడిసిపెట్టి పోతున్నవ్?" ఎడమ చెప్పు ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. అప్పుడు భయమేసింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టర్ నన్ను పడుకోబెట్టి, "బొటనవేలు పైకి లేపు" అన్నాడు.

"లేపిన సార్."

డాక్టర్ యాదమ్మ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊరంతా చూస్తుండగా గుండు ఎత్తినవాణ్ణి, బొటనవేలు ఎత్తలేకపోయాను. అక్కడే ఏడ్చేశాను.

ఎంఆర్ఐ తీశారు. "ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్యల డిస్క్ జారి నరాన్ని నొక్కుతాంది. గిట్ల పాదం పైకి లేవకపోతే ఫుట్ డ్రాప్ అంటరు. ఆపరేషన్ చెయ్యాలె" అన్నాడు డాక్టర్. తన్నుల సంగతి చెప్పాను. "తంతే జారలేదు గానీ, తన్నించుకుంట వారం పోగొట్టుకున్నవ్." మాతో వచ్చిన అక్క ఆ మాట విని, బయట పాదాలు కుచ్చిళ్ళ కింద దాచుకుని కూర్చుంది. ఆమెను ఓదార్చడమే నాకు పెద్ద పనయింది.

"గుండు మళ్ల ఎప్పుడు ఎత్తొచ్చు సార్?"

"ముందు నీ కాలు నువ్వెత్తు. గుండును మర్చిపో."

ఆపరేషన్ తర్వాత నొప్పి పోయింది, వేలు మాత్రం లేవలేదు. పాదం వాలిపోకుండా కాలికి ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టారు. "నరం మెల్లగ కోలుకుంటది, తొందరపెట్టకు" అంది ఫిజియోథెరపీ మేడం. రోజూ నడవమంది. మా ఊళ్ళో ఎటు నడిచినా చాయ్ హోటల్ తగులుతుంది. గుండు అక్కడే ఉంది. వానలకు చుట్టూ గడ్డి మొలిచింది. దాన్ని చూస్తే చేతులు ఊరుకునేవి కావు. ఆ చల్లదనం రొమ్ముకు తగలాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను.

ఒకరోజు తెల్లవారకముందే వెళ్ళి, వంగి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. ఎత్తలేదు, కొంచెం కదిలించానంతే. నడుము మళ్ళీ పట్టేసింది. వెతుక్కుంటూ వచ్చిన యాదమ్మ నన్నట్లా చూసి, "నన్ను గట్ల ఎన్నడన్న పట్టుకున్నవా?" అంది. నవ్వబోయి ఏడ్చింది. మళ్ళీ మంచమెక్కాను, మందులు మళ్ళీ మొదటికొచ్చాయి.

తర్వాతి ఉగాదికి గుండును ఎవరూ ఎత్తలేకపోయారు. నాకు సంతోషమేసింది. పాడు సంతోషమే, కానీ వేసింది.

ఆ ఎండాకాలంలోనే బొటనవేలు కొంచెం కదిలింది. నాకు కదిలినట్టే తెలియలేదు. యాదమ్మ చూసి అరిచింది.

పోయిన ఉగాదికి సెంట్రింగ్ పని చేసే కాసీం నా ముందుకొచ్చి అరచేతులు చాపాడు. "అన్నా, జర మట్టి రుద్దు." రుద్దాను. గుండు అతని మోకాళ్ళు దాటింది, రొమ్ము దాటింది. నాకు తెలియకుండానే నా చేతులూ పైకి లేచాయి. గుండు అతని వెనక ధబ్బున పడింది. అందరూ ఈలలు వేశారు. నేను కూడా వేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఇప్పుడు స్ప్లింట్ తీసేశాను. కొంచెం కుంటుతాను, నా కూరగాయల కొట్టు నేనే చూసుకుంటాను. చాయ్ హోటల్ ముందు నేను వదిలేసిన గుండు పడిన గుంట ఇంకా ఉంది. దాన్ని దాటేటప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను.

నడుము పట్టి కాలు తిమ్మిరెక్కితే బొటనవేలు పైకి లేపి చూడండి. లేచిందని మీకు మీరే అనుకోకండి, పక్కవాళ్ళను చూడమనండి. లేవకపోతే ఆ రోజే దవాఖానకు పొండి. మా ఇంట్లో యాదమ్మ ఇప్పటికీ పొద్దున్నే అడుగుతుంది, "లేసిందా?" అని.

"నువ్వే సూడు" అని కాలు చాపుతాను.