ఉలి జారిన చోటు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం. మాచర్ల బస్టాండులో రెండు గంటలు కూర్చున్నా నా బస్సు జాడ లేదు. పక్కనున్న పెద్దాయన నాకంటే చిరాకుగా ఉన్నాడు. మాటల్లో తెలిసింది, ఆ పొద్దున ఇద్దరం బౌద్ధ శిల్పాల మ్యూజియం చూసి వచ్చినవాళ్ళమే.

“రాయి మీద చెయ్యేశానని నన్ను బయటికి పంపారు సారూ,” అన్నాడు. పిడుగురాళ్లలో రాళ్ళు చెక్కుతాడట.

“తాకితే అరిగిపోతాయని వాళ్ళ భయం,” అన్నాను.

“అరిగేది రాయి గాదు, ఇది!” అంటూ కుడిచెయ్యి చాపాడు. వేళ్ళ కొసలు గీతల్లేకుండా నున్నగా ఉన్నాయి.

“తలుపు పక్క పలక మీద ఒకామె నిలబడుంది గదా. ఆమె కాలి కడియం కాడ ఉలి జారింది. చెక్కినోడు కుచ్చెళ్ళు కిందికి దించి ఆ దెబ్బ కప్పేశాడు. వేలు పెట్టి చూసుంటే తేలిపోయేది. ఒకపక్క కుచ్చెళ్ళు పొడుగున్నయ్యి, మీరు చూశారా?”

మ్యూజియంలో ఉన్నంతసేపూ నేను బోర్డుల మీది రాతలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటూనే ఉన్నాను. ఆమె పాదాలు చూసిన గుర్తు లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

“అవును, పొడుగ్గానే ఉన్నాయి,” అన్నాను.

“అదీ! చానా పనిమంతుడు సారూ వాడు!” ఆయన మొదటిసారి నవ్వాడు. పిడుగురాళ్ల బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు మళ్ళీ ఆ మ్యూజియానికి వెళ్ళాను. పలకల వరుస మార్చేశారు. నిలబడిన ఆడవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఒక్కొక్కరి పాదాల దగ్గరా వంగి చూశాను. ఆయన చెప్పినామె ఎవరో పోల్చుకోలేకపోయాను.