బ్రేకక్క కొన్న బండి

పొద్దున తెగిన బ్రేకు తీగను డ్రైవింగ్ స్కూలు యజమాని మధ్యాహ్నానికల్లా మార్పించేశాడు. సాయంత్రం నలుగురినీ పోగేసి, "రండి, తొక్కి చూడండి. ఈ బ్రేకుకేమొచ్చింది?" అన్నాడు. మంచిపని చెయ్యమంటే నెలలు నాన్చేవాళ్ళు ఇలాంటి పనుల్లో ఎంత చురుగ్గా ఉంటారో!

నేర్పే బండిలో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కన కూర్చున్న మనిషి తొక్కడానికి. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు మీద కాలుంచి, ఆ స్కూల్లో పనిచేసే ఒకావిడ ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి బండి నేర్పింది. వాళ్ళంతా ఆమెను ముద్దుగా బ్రేకక్క అనేవాళ్ళు. ఆ తీగ వదులవుతోందని ఆమె యజమానికి ముందే చెప్పింది. "చూద్దాంలేమ్మా" అన్నాడాయన. ఆయన చూసేలోపు తీగ తెగింది, నేర్చుకుంటున్న అమ్మాయి ఎదుటి స్కూటరును గుద్దింది. స్కూటరతను మోచెయ్యి గీరుకుపోయి, తిట్టుకుంటూ లేచి నిలబడ్డాడు. అంతటితో పోయింది.

సాయంత్రం అందరూ వరసగా ఎక్కి బ్రేకు తొక్కారు. ఆమె కూడా తొక్కింది. రాయిలా గట్టిగా పడుతోంది బ్రేకు. పొద్దున తీగ తెగిందని ఆమె చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆ అమ్మాయిని అడిగితే, "నాకేం తెలీదండీ, నేను ముందుకే చూస్తున్నా" అంది. "పాఠం చెప్తూ ఫోన్లో కబుర్లాడితే ఇంతే మరి. కాలొకచోట, మనసొకచోట" అని యజమాని తీర్పు చెప్పేశాడు. మర్నాటి నుంచి బ్రేకక్క అన్న పేరు ముద్దుపేరు కాకుండా పోయింది. వీధిలో ఎవరైనా అలా పిలిస్తే ఆమె తలవంచుకుని గబగబా నడిచేది.

తరువాత నాలుగేళ్ళు మందుల షాపులో కౌంటరు వెనక నిలబడింది. మనిషి అక్కడ ఉంది గాని కాలు మాత్రం ఇంకా ఆ బండిలోనే ఉంది. ఆటో ఎక్కినా, బస్సెక్కినా, ముందు ఏదైనా అడ్డమొస్తే ఆమె కుడికాలు నేలను తన్నేది. "అక్కా, మీరలా తొక్కితే నా బండికి చిల్లు పడుద్ది" అన్నాడొక ఆటో అతను. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక ఏడ్చింది.

ఆ షాపు ముందు రోజూ పెద్ద పెద్ద బండ్లు ఆగేవి. ఎడమ తలుపు తీసుకుని ఒకావిడ దిగి మందులకు వచ్చేది. కుడివైపు ఉన్న మొగుడు దిగకుండా హారన్ కొట్టేవాడు. "నాక్కూడా లైసెన్సుంది బ్రేకక్కా, నువ్వు నేర్పిందే కదా. తాళమే లేదు" అందొకావిడ నవ్వుతూ. అలాంటివాళ్ళు ఎంతమందో! చిన్న బండిలో నేర్చుకున్నారు. ఇంట్లో ఉన్నదేమో ఏనుగులాంటి బండి. ముట్టుకుంటే ఎక్కడ గీత పడుతుందోనని ఇంటాయన తాళం చేతికివ్వడు.

బ్రేకక్క బుర్రలో ఒక ఆలోచన మొలిచింది. పెద్ద బండి ఒకటి కొని, దానికి ఎడమవైపు బ్రేకు పెట్టించి, వీళ్ళందరికీ తనే నేర్పితే? ఆ మాట ఇంట్లో చెప్పింది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. విన్నాడు, తల గోక్కున్నాడు. "సరే, కొందాం. కానీ అది మన కుటుంబం బండి కూడా. అందరికీ నచ్చాలి" అన్నాడు. కుటుంబం బండి అంటే ఏమిటో లోకానికంతా తెలిసిందే. ఒకాయనకు నచ్చుతుంది, మిగతావాళ్ళు తలాడిస్తారు.

ఒకే రోడ్డులో ఎదురెదురుగా రెండు షోరూములు. భార్యాభర్తలు, అత్తగారు, కొత్తగా లెర్నింగ్ లైసెన్సు తీసుకున్న కూతురు, నలుగురూ బయల్దేరారు.

మొదటి షోరూములో నీలం బండి. పెద్ద బండే గాని మరీ ఎత్తు కాదు, మరీ పొడవు కాదు. అత్తగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. బ్రేకక్క డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తే బానెట్ రెండు మూలలూ కళ్ళకు ఆనాయి. రెండు సీట్ల మధ్య చేతి బ్రేకు కడ్డీ ఉంది. దాన్ని ఒకసారి పైకి లాగి, దించి, మళ్ళీ లాగింది.

"ఏముందే ఇందులో? చక్రాలున్న అగ్గిపెట్టె" అన్నాడు భర్త.

"స్క్రీను నా ఫోనంత ఉంది" అని కూతురు పెదవి విరిచింది.

రోడ్డు దాటి రెండో షోరూముకు వెళ్ళారు. అక్కడ తెల్ల బండి, పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. భర్త ఎక్కి కూర్చోగానే మొహం వెలిగిపోయింది. "అబ్బ! పక్కబండ్ల నెత్తులు కనిపిస్తున్నాయే!" అన్నాడు. పైకప్పు అద్దంలోంచి ఆకాశం చూసి కూతురు కేక పెట్టింది. అత్తగారిని ఎక్కించడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సేల్స్ అతను గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. "రోడ్డు మీద మిమ్మల్ని చూసి అందరూ దారిస్తారు సార్!"

మగాళ్ళు బండిలో వెతికేది చాలావరకు ఇదే. చోటు కాదు, దారి. జీవితంలో ఇంకెక్కడా ఎవరూ ఇవ్వని దారి.

"చేతి బ్రేకేది బాబూ?" అనడిగింది బ్రేకక్క.

"కడ్డీ కాలం పోయింది మేడమ్. ఇదిగో, బటన్." స్టీరింగుకు కుడివైపు, తలుపు పక్కన ఉంది అది.

"ఎడమ సీట్లోంచి నాకందదుగా?"

"మీకెందుకు మేడమ్? డ్రైవరుకి అందితే చాలదా?"

భర్త అప్పటికే అడ్వాన్సు సంగతి మాట్లాడుతున్నాడు. ఇప్పుడు నోరు మెదపకపోతే మిగిలిన బతుకంతా మందుల కౌంటరు వెనకేనని ఆమెకు తెలిసిపోయింది.

"ఏమండీ, మీరు ఎడమవైపు కూర్చోండి. అమ్మాయి నడుపుతుంది" అంది.

"ఎవరూ? ఇదా?" భర్త గుడ్లు తేలేశాడు.

"లైసెన్సుందిగా నాన్నా!" కూతురు అప్పటికే డ్రైవరు సీట్లో ఉంది.

సేల్స్ అతను వద్దు మేడమ్, వద్దు మేడమ్ అంటూ అడ్డం తిరిగాడు. ఎదురుగా అగ్గిపెట్టె అమ్మేవాళ్ళు ఉన్నారని బ్రేకక్క గుర్తుచేశాక, షోరూము వెనక ఖాళీ స్థలంలోనైతే సరేనన్నాడు. అతనూ, అత్తగారూ, బ్రేకక్కా వెనక సీట్లో సర్దుకున్నారు.

బండి నెమ్మదిగానే కదిలింది. మలుపు దగ్గర కూతురి కాలు యాక్సిలరేటరు మీద కొంచెం ఎక్కువ పడింది. ఎదురుగా వరసగా నిలబెట్టిన కొత్త బండ్లు. తండ్రి "ఏయ్!" అని అరుస్తూ రెండు కాళ్ళతో నేలను తన్నాడు. బండి ఆగలేదు. ఎడం చేత్తో తలుపు పట్టుకుని, కుడిచేత్తో సీట్ల మధ్య తడిమాడు. కాఫీ కప్పు పెట్టుకునే గుంట దొరికింది. దాన్నే పట్టుకుని బలంగా పైకి లాగుతున్నాడు!

"బ్రేకు" అంది వెనకనుంచి బ్రేకక్క, పిల్లకి పాఠం చెప్పినట్టే, గొంతు పెంచకుండా.

కూతురు తొక్కింది. ముందున్న బండికి బారెడు దూరంలో ఆగింది. సేల్స్ అతను ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు.

"ఆ గుంటలో ఏం వెతుకుతున్నావురా?" అంది అత్తగారు.

భర్త చెయ్యి ఇంకా అందులోనే ఉంది.

"నాకు అక్కడే కడ్డీ దొరికిందండీ ఆ రోజు" అంది బ్రేకక్క. "కాలి కింద బ్రేకు పడలేదు. చేత్తో లాగాను. అందుకే ఆ స్కూటరతను మోచెయ్యి గీరుకుని లేచాడు. లేకపోతే లేచేవాడు కాదు. బ్రేకెందుకు పడలేదని ఊరంతా అడిగింది. మరి బండెలా ఆగిందని ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదు."

భర్త వెనక్కి తిరగలేకపోయాడు. తీగ తెగితే ఏమవుతుందో లిఫ్టులు బాగుచేసేవాడికి ఒకరు చెప్పాలా? మార్చిన తీగ కొత్తగా ఉంటుందనీ, చూస్తే తెలుస్తుందనీ ఆ సాయంత్రం ఆయనకు ఎందుకు తోచలేదు? పెళ్ళాం మాట కన్నా పదిమంది మాట నమ్మడం సుఖం కాబట్టి. ఆయన మెల్లగా దిగి, సేల్స్ అతనికి చేతులు జోడించాడు. "మా బండి ఎదురుగా ఉంది బాబూ" అన్నాడు.

నీలం బండి ఇంటికొచ్చింది. ఎడమ సీటు ముందు బ్రేకు బిగించారు. స్కూలు అనుమతి కాగితాలకు భర్తే తిరిగాడు. ఆదివారం ఆదివారం బండి కిందికి దూరి, ఆ తీగను లిఫ్టు తీగలాగే లాగి, వంచి, లైటు వేసి చూసేదీ ఆయనే. ఎవరూ చెప్పలేదు. తనంతట తనే మొదలుపెట్టాడు.

మొదటి రోజు వచ్చింది తాళం లేదన్న ఆవిడే. అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మీద బండి సగంలో ఆగిపోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఏడుపు తర్వాత. ముందు క్లచ్చి సంగతి చూడు" అంది బ్రేకక్క. సాయంత్రానికి ఆవిడ అదే ర్యాంపు మీదికి బండిని వెనక్కి కూడా ఎక్కించింది. వాచ్‌మన్ ముక్కున వేలేసుకున్నాడు. నెల తిరక్కుండా మందుల షాపు ముందు ఆగిన పెద్ద బండి కుడి తలుపు తీసుకుని ఆవిడే దిగింది. మొగుడు ఎడమవైపు బిక్కచచ్చి కూర్చున్నాడు. హారన్ కొడదామన్నా అందదు.

ఆ తరువాత బ్రేకక్కకు ఊపిరాడలేదు. పెద్ద బండి ఉన్న ప్రతి వీధి నుంచీ ఫోన్లే. నీలం బండి వెనక అద్దానికి కూతురు పెద్ద అక్షరాలతో పేరు అంటించింది: బ్రేకక్క డ్రైవింగ్ స్కూలు. ఇప్పుడు వీధిలో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమె ఆగి, ఎవరా అని తలెత్తి చూస్తుంది.

మొన్న లైసెన్సు పరీక్షలు జరిగేచోట పాత యజమాని ఎదురుపడ్డాడు. అప్పుడే నీలం బండిలోంచి ముగ్గురు ఆడవాళ్ళు దిగి, పాసైన సంబరంలో ఒకరినొకరు కావలించుకుంటున్నారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ఎడమ సీటు కిందికి తొంగి చూశాడు. లేచి గొంతు సవరించుకున్నాడు.

"బానే ఉందమ్మా బండి. మీ ఆయనదా?"

"నాదేనండీ" అంది బ్రేకక్క. "మా ఆయనకి ఆదివారం పూట ఇస్తుంటాను. అదీ బుద్ధిగా నడిపితేనే."