పేరెత్తకూడని మందు

డెబ్బైల చివర్లో కాజీపేట రైల్వే క్వార్టర్‌కు కాపురానికి వచ్చాక నాకు మొదట అర్థమైన సంగతి, ఆ ఇంటికి పెద్దలు పిచ్చుకలని. మా ఆయన డ్యూటీకి ఖాళీ కడుపుతో పోయినా ఫరవాలేదు గానీ, పెరట్లో వాటికి నూకలు ఆలస్యం కాకూడదు. మా అత్త కేసముద్రం దగ్గరి పల్లెను వదిలి కొడుకు దగ్గరికి వచ్చింది. క్వార్టర్లలో ఎవరి తలుపులు వాళ్లు వేసుకునేవారు. పొద్దంతా ఆమెకు తోడు ఆ పిచ్చుకలే. అందుకే దోసిళ్లతో నూకలు నేల మీద చల్లేది.

పిచ్చుకలు తిన్నంత తిని పోయేవి. మిగిలిన వాటికి ఎలుకలు సెకండ్ షిఫ్టులో దిగేవి. నూకలతో ఆగితే మర్యాదస్తులే అనుకునేదాన్ని. నా పెళ్లి పట్టుచీర అంచు కొరికాక ఒళ్లు మండింది.

"నీ పిట్టలకు జర తక్కువెయ్యి అత్తా," అన్నాను.

"పిట్టలేం జేసినయే? చీరె పెట్టెల పెట్టుకోవాలె గని."

తప్పు చీరదేనన్నమాట.

ఎలుకల మందు తెమ్మని మా ఆయన మీద పడ్డాను. అత్త నా నోరు మూసినంత పని చేసింది. "మెల్లగనవే! పేరు తీస్తె వింటయి. విన్నయంటె ముట్టయి."

ఆ ఇంట్లో నా మాట వినేవాళ్లు ఎవరూ లేరు. కనీసం ఎలుకలైనా వింటాయన్నందుకు సంతోషించాను.

మా ఆయన తల్లి మాట జవదాటడు. మందు తెచ్చి, నూకల్లో కలిపి, గిన్నె పెరటి గట్టు మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా నైట్ డ్యూటీకి పోయాడు. నాకూ చెప్పలేదు. పెళ్లాం వింటే ఎలుక విన్నట్టేనని కాబోలు.

పొద్దున్నే అత్త గిన్నె చూసి మురిసిపోయింది. "చూసినవా, నీకు లేని పావురం నా కొడుక్కుంది! పిట్టలకు నూకలు తీసిపెట్టి పోయిండు."

పావురమంటే మా దగ్గర ప్రేమ. ఆమె దాన్ని దోసిళ్లతో చల్లింది.

కాసేపటికి జామచెట్టు కింద పిచ్చుకలు పడి ఉన్నాయి. అత్త ఒక్కొక్కదాన్ని ఏరి కొంగులో వేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఎలుకలకు మాత్రం గోరంత నష్టం జరగలేదు.

ఊరి నుంచి మా ఆయన వరికంకులు తెచ్చి, కుచ్చు కట్టి, ఎలుకలకు అందకుండా బట్టలారేసే తీగ మధ్యలో సన్నటి దారానికి వేలాడదీశాడు. కింద రాలిన గింజలను అత్త పొద్దుగూకకముందే ఊడ్చేసేది. చాలా రోజులు కుచ్చు ఊరికే ఊగింది. తర్వాత ఒక జంట వచ్చింది, దాని వెంట మిగతావి.

పెరట్లో గింజ దొరక్క ఎలుకలు వంటింట్లోకి దిగాయి. మళ్లీ మందు పెట్టక తప్పలేదు. మా ఆయన గిన్నెను బియ్యం డబ్బా వెనక్కి తోయగానే, అత్త పెరటి గుమ్మంలో నిలబడి కంకుల వైపు కేకేసింది.

"ఎల్కల మందు పెట్టినం! ఎవ్వరు ముట్టకుండ్రి!"

పక్క క్వార్టర్ల వాళ్లు బయటికి వచ్చారు.

"ఎలుకలు వింటయి అత్తా," అన్నాను.

"విననియ్యే," అంది. "పిట్టలు గూడ వింటయి గద."