పొక్లెయిన్‌కి పధ్నాలుగు చేతులు

తక్ బ్యోంగు కంట్లో ఏ వస్తువూ పడనివ్వకూడదని మా సోల్‌గోల్ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. చీపురైనా, చెంచా అయినా సరే, వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, దీన్ని నా పొక్లెయిన్ చేతికి తగిలిస్తే ఎలా ఉంటుందంటావ్?" అంటాడు. ఆపైన వారం రోజులు వాడి షెడ్డులో వెల్డింగ్ మెరుపులు. ఎనిమిదో రోజున ఊరికి మూడినట్టే.

అది మట్టి తవ్వుకోవడానికి కొన్న బండి. దానితో వచ్చిన బకెట్ వాడి పెరట్లో బోర్లా పడి ఉంది, కింద పిల్లి ఈనింది. బండి చేతికి మాత్రం ఇప్పటికి పధ్నాలుగు సొంత తయారీలు. ఒకసారి ఊరి భోజనాల్లో నూడుల్స్ తింటూ తింటూ చేతిలో తినే పుల్లల వంక చూసి ఆగిపోయాడు. "తినవయ్యా, చల్లారిపోతోంది" అంది మా ఆవిడ. వారం తిరక్కుండా బారెడేసి ఇనప గొట్టాలు రెండు బండి చేతికి వేలాడాయి. దుంగ పట్టుకోబోయి మా కంచె స్తంభం పట్టుకున్నాయి.

"పట్టు అదిరిందన్నా!" అని అరిచాడు పైనుంచి.

"అది నా కంచెరా, దరిద్రుడా!"

"అదే కదా అంటున్నా! పాతిన స్తంభాన్నే పీకిందంటే చూసుకో!"

నేను ఊరి పెద్దని. అంటే నాకున్న అధికారమల్లా ఒక మైకు, ఊళ్ళో నాలుగు స్తంభాలకు నాలుగు లౌడ్‌స్పీకర్లు. వాటిని పురుగుమందు పిచికారీ గురించీ వానల గురించీ వాడమని ఇచ్చారు. నేను మాత్రం పొద్దున్నే గొంతు సవరించుకుని, "గ్రామస్థులకు విజ్ఞప్తి. తక్ బ్యోంగు బండి బయటికొచ్చింది. కుక్కల్ని కట్టేసుకోండి" అని చెప్పడంతోనే ఏళ్ళు గడిపాను.

కిందటేడు పండ్ల కాలంలో పొడవాటి గొట్టానికి చేపల వల బిగించి, ఉల్జిన్ అవ్వ పెరట్లో పెర్సిమన్ పండ్లు కోశాడు. తిరిగొస్తూ చెయ్యి దించడం మరిచాడు. వల మా దండెం మీద బట్టలన్నీ ఊడ్చుకుంది. నా చలికాలపు లాగు జెండాలాగా ఎగురుతూ ఊరంతా ఊరేగింది. అడిగితే, "పరీక్ష కదన్నా, పరీక్ష!" అన్నాడు. వాడు ఏం పగలగొట్టినా సమాధానం ఆ ఒక్కటే.

ఇన్ని చోట్లుండగా ఆ అవ్వ పెరడే ఎందుకో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఎనభై ఏడేళ్ళ మనిషి, ఒకరి సాయం పట్టదు. కిమ్చీ పచ్చడి పెట్టడానికి చెయ్యి వేస్తామని టౌను నుంచి నలుగురు వస్తే, "నేనేం మంచాన పడ్డానా?" అని గుమ్మం దాకా తరిమి, పీడ వదలాలని వాళ్ళ వెనక ఉప్పు చల్లింది.

ఈ ఏడు నా ఓపిక చచ్చింది. చుసోక్ పండగకు ముందు అందరం కొండ మీద పెద్దల సమాధి దిబ్బల మీద గడ్డి కోస్తాం కదా. బ్యోంగు పొడవాటి చేతికి తిరిగే కత్తులు బిగించాడు. మా దిబ్బల మీదికి మమ్మల్ని అడక్కుండానే వెళ్ళాడు. నాన్నది బాగానే కోశాడు. తాతగారి దగ్గరికొచ్చేసరికి గడ్డీ, మట్టీ, దిబ్బ నెత్తీ అన్నీ లేపేశాడు. దిబ్బ మీద ఇప్పుడు నిక్షేపంగా పీట వేసుకుని కూర్చోవచ్చు.

"మా తాతకి గుండు కొడతావురా?" అని ఊగిపోయాను.

"పరీక్ష..." అన్నాడు.

మూడో రోజు సభ పెట్టించాను. ఇకమీదట ఆ బండికి బకెట్ తప్ప ఇంకేదీ తగిలించకూడదు, పధ్నాలుగు చేతులూ పాత ఇనప కొట్టుకి పోవాలి. నా మాటకు ముప్పై చేతులు లేవడానికి సిద్ధంగా ఉన్నాయి. బ్యోంగు మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. వాడి మొహం చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకు భలే ఖుషీగా ఉంది.

అప్పుడు ఉల్జిన్ అవ్వ కర్ర నేలకేసి కొట్టింది.

"మీకు మనసనేది లేదుట్రా? ఈ సన్నాసి ఇంకెక్కడ పరీక్షించుకుంటాడు? పళ్ళు కోసి చూస్తానంటే పాపమని నా చెట్టిచ్చా. క్యాబేజీలు పీకి చూస్తానంటే మడి మొత్తం ఇచ్చా. మొన్న సోయా జాడీ ఎత్తి చూస్తానంటే, అత్తగారి నాటి జాడీ, గుండె చిక్కబట్టుకుని ఇచ్చా. ముసలిదాన్ని నేనే ఇంత సాయం చేస్తుంటే, దుక్కల్లా ఉన్నారు, మీకేం రోగం?"

ఎవరో వెనకనుంచి, "మా ఇంటి ముందు మంచు కూడా పరీక్షకనే తీశాడు, మా ఆయన కాలు విరిగిన ఏడు" అంది. నాకు నవ్వాగలేదు. వీడు ఊరందరినీ ఎంత తెలివిగా బుట్టలో వేశాడో! మా ఆవిడ నా డొక్కలో పొడిచింది.

"నవ్వింది చాల్లెండి. వసంతంలో మీ భుజం పడిపోయినప్పుడు అరవై ఎరువు బస్తాలు దింపిందెవరు?"

"కొత్త కొక్కెం పరీక్షిస్తానని వాడే..." అని నోరు మూసుకున్నాను. ఆ గంటసేపూ నేను కింద నించుని వాణ్ణి తిడుతూనే ఉన్నాను మరి.

ఎవర్నీ చేతులెత్తమనకుండానే సభ ముగించి, వాణ్ణి గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"గడ్డి కూడా నా భుజం కోసమేనా?"

వాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "గడ్డి మిషన్ ఎత్తలేకపోతున్నావని వదిన అంది. సాయం చేస్తానంటే నువ్వు ఊరుకుంటావా? అవ్వ దగ్గర ఉప్పు తెచ్చి మరీ చల్లుతావు."

"మరి తాత నెత్తి?"

"కొలత తప్పిందన్నా. మట్టి పోసి గడ్డి నాటే చెయ్యి చేస్తున్నా. ఇనుము కాస్త తక్కువైంది... మీ పాత గేటు ఊరికే పడుందిగా?"

తన్నాలనిపించింది. గేటిచ్చాను.

మర్నాడు పొద్దున్నే మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాను.

"గ్రామస్థులకు విజ్ఞప్తి. తక్ బ్యోంగు పదిహేనో చెయ్యి చేస్తున్నాడు. పరీక్షించుకోవడానికి పాపం వాడికి చోటు లేదు. ఇంట్లో బరువు పనులున్నవాళ్ళు దయతలచి వాడికి సాయం చెయ్యవలసిందిగా కోరుతున్నాను."

మైకు కట్టేయబోయి ఆగాను.

"కుక్కల్ని మాత్రం కట్టేసుకోండి."