తక్ గిబోమ్ గారి ఐదు నిమిషాలు

మా మేబొంగ్ కొండ మీద ఒక మర్యాద ఉంది. ఎక్కేవాళ్ళు "ఇంకా ఎంత దూరమండీ?" అని అడిగితే, దిగేవాళ్ళు "వచ్చేశారండీ, ఇంకో ఐదు నిమిషాలే" అనాలి. పైనున్న డేగబండ గంట దూరంలో ఉన్నా సరే, ఐదు నిమిషాలే. అది అబద్ధమని అందరికీ తెలుసు. ఆ అబద్ధం పట్టుకునే అందరూ ఎక్కుతారు.

ఈ మర్యాద పాటించని మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే, తక్ గిబోమ్. ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. రైళ్ళు ఆయన్ని వదిలేశాయి గాని నిమిషాలు వదల్లేదు. రోజూ పొద్దున్నే కొండెక్కి దిగుతూ, అడిగినవాళ్ళకి చేతి గడియారం చూసి మరీ చెప్పేవాడు. ఒకసారి ఎర్రటోపీ పొట్టాయన పాపం రొప్పుతూ అడిగితే, "నలభై ఏడు నిమిషాలు. మీ పొట్టకైతే గంటా పది" అన్నాడు.

ఎవరెస్టుకి బయల్దేరినట్టు బూట్లూ చేతికర్రలూ కొనుక్కుని వచ్చిన ఆ పొట్టాయన అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడు. కొండ కింద నా కొట్లో ఉల్లికాడల అట్టూ బియ్యం కల్లూ ముందేసుకుని సాయంత్రం దాకా గిబోమ్‌ని తిట్టాడు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. లోకంలో నేనొక్కదాన్నే ఆయన పక్షం. నా అట్లు ఆయన నిజాల మీదే అమ్ముడయ్యేవి మరి.

ఆయన భార్య మల్సున్ ఆ నిజాలతో నలభై ఏళ్ళు కాపురం చేసింది. పెళ్ళిరోజున "నేనెలా ఉన్నాను?" అని అడిగితే, కాసేపు తేరిపార చూసి "మామూలుగా" అన్నాడట. ఆ సంగతి ఆవిడ నాకు వందసార్లు చెప్పింది. ఒక్కసారి తప్ప, చెప్పిన ప్రతిసారీ నవ్వింది.

మల్సున్ మోకాళ్ళు అరిగిపోయాయి. పైనెలలో ఆపరేషన్.

"కొత్త మోకాళ్ళు పెట్టకముందే, నా సొంత కాళ్ళతో ఒక్కసారి డేగబండ చూడాలక్కా" అంది నాతో. పిల్లలు ఆడుతూ పాడుతూ ఎక్కే కొండ అది. ఇన్నేళ్ళూ ఆవిడకే కుదరలేదు.

గిబోమ్ లెక్కేశాడు. "నీ నడకకి రెండు గంటల ఇరవై నిమిషాలు. నీ వల్ల కాదు."

"అయితే నువ్వు ఇంట్లో కూర్చుని గడియారం చూసుకో. మేమిద్దరం పోతాం."

ఆయనా వచ్చాడు.

సగం దారిలో, పైన్ చెట్ల మలుపు దగ్గర మల్సున్ ఒక రాయి మీద కూలబడింది. నేనిచ్చిన దోసకాయ కూడా కొరకలేదు. "ఇక దిగిపోదామక్కా" అంది. కళ్ళలో నీళ్ళు. తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఏవయ్యా, ఇంకెంత?" అని అడిగింది.

గంటంపావు ఉంది. నాకు తెలుసు. గిబోమ్ గడియారం వైపు చూశాడు. చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశాడు.

"ఐదు నిమిషాలు."

నేను కొరుకుతున్న దోసకాయ చేతిలోంచి జారిపోయింది. మల్సున్ లేచింది. తర్వాతి మలుపులో అదే ప్రశ్న, అదే జవాబు. మూడో మలుపుకి ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఎర్రటోపీ దిగింది. ఆ పొట్టాయనే.

"ఐదు నిమిషాలేంటి తాతా! ఇంకా అరగంట. ఈవిడ నడకకైతే గంట!"

చేసుకున్నవాడికి చేసుకున్నంత. మల్సున్ ఆ పొట్టాయన్ని ఎగాదిగా చూసింది.

"నీ వాచీ పాడైంది నాయనా, బాగు చేయించుకో. మా ఆయన పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు."

అని నడిచింది.

డేగబండ మీద నిలబడి, ఏటి ఒడ్డున తన ఇంటి డాబా మీద తానే ఆరేసిన ఎర్రదుప్పటిని గుర్తుపట్టి భోరుమంది. ఏడుపయ్యాక వెనక్కి తిరిగింది. ముఖం ఉడికించిన బీట్‌రూట్‌లా ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఏవయ్యా, ఇప్పుడెలా ఉన్నాను?"



"చాలా బావున్నావు" అన్నాడు గిబోమ్.

"ఇదీ ఐదు నిమిషాల మాటేనా?"

గిబోమ్ చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు.

"కాదే. ఇది గడియారం చూసి చెప్తున్నాను."